ఆడపిల్ల అందం - మన కొలబద్దలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా అనంతపురంలో జరిగిన మన సంఘ సభలో, మహిళా సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు డి.ఆర్. బకాయిలు, పి.ఆర్.సి., వైద్య బిల్లులు గుర్తుకొస్తాయి. వాటి గురించి ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నాకు మాత్రం "ఆడపిల్లలు - అందం" అనే విషయం ఇచ్చారు. డెబ్బై దాటినదానికి అందం గురించి మాట్లాడే పని పెట్టారేమిటని మొదట నవ్వుకున్నాను. తీరా ఆలోచిస్తే సబబుగానే తోచింది. ఆడపిల్ల అందాన్ని కొలిచే కొలబద్ద సినిమావాళ్ల దగ్గరా, టి.వి. వాళ్ల దగ్గరా ఉందని మనం అనుకుంటాం. కాని ఇంట్లో ఆ కొలబద్ద ఉండేది మన వయసు వాళ్ల చేతిలోనే. సంబంధాలు వెతికేది మనం, ఫొటోలు చూసేది మనం, "పిల్ల ఎట్లుంది?" అని ఫోనులో అడిగేది మనం.

నేను వైద్య ఆరోగ్య శాఖలో 1978లో ఏ.ఎన్.ఎం.గా చేరి, 2012లో సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. ఈ 34 ఏండ్లూ కళ్యాణదుర్గం, రాయదుర్గం, మడకశిర ప్రాంతాల పల్లెల్లోనే గడిచాయి. మా శాఖలో ఆడపిల్లను చూడడానికి ఒక పద్ధతి నేర్పుతారు. కింది కనురెప్పను కొంచెం లాగి, లోపల ఎర్రగా ఉందా, పాలిపోయి ఉందా అని చూడాలి. నాలుక చూడాలి, గోళ్లు చూడాలి, అరచెయ్యి చూడాలి. అదే అమ్మాయిని, అదే ఇంట్లో, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఇంకో పద్ధతిలో చూస్తారు. ఛాయ చూస్తారు, ముక్కు చూస్తారు, ఎత్తు చూస్తారు, జడ చూస్తారు. మేము చూసేది ఆ అమ్మాయి కోసం. వాళ్లు చూసేది ఎవరి కోసం? ఈ రెండు చూపుల మధ్య ఉన్న తేడాను గురించే నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

పురిటింట్లోనే మొదలు

బిడ్డ పుట్టగానే బయట కాచుకుని ఉన్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, మగబిడ్డా ఆడబిడ్డా అని. ఆడబిడ్డ అని చెప్తే రెండో ప్రశ్న, "రంగు ఎవరిది వచ్చింది?" అని. బరువెంత అని అడిగినవాళ్లను నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బిడ్డ రెండున్నర కిలోల కంటే తక్కువ ఉంటే జాగ్రత్తగా కాపాడుకోవాలి. అది ప్రాణానికి సంబంధించిన లెక్క. రంగుకు, ప్రాణానికి ఏ సంబంధమూ లేదు. అయినా అడిగేది రంగునే.

అంతకు ముందే ఇంకో తంతు నడుస్తుంది. కడుపుతో ఉన్న కోడలికి కుంకుమపువ్వు వేసిన పాలు తాగిస్తారు, బిడ్డ ఎర్రగా పుడుతుందని. కుంకుమపువ్వు కడుపులోని బిడ్డ రంగును మార్చదు. రంగు తల్లిదండ్రుల నుంచి, తాత ముత్తాతల నుంచి వస్తుంది. గ్రాముకు వందల రూపాయలు పోసి కొనే ఆ పువ్వు డబ్బుతో ఆ కోడలికి నెలపాటు రోజుకో గుడ్డు పెట్టవచ్చు. గుడ్డు వల్ల బిడ్డ బరువు పెరుగుతుందని చెప్తే విన్నవాళ్లు తల ఊపుతారు. కొని తెచ్చేది మాత్రం కుంకుమపువ్వు. పుట్టిన తర్వాత నలుగు పేరుతో ఆ లేత చర్మాన్ని సున్నిపిండితో రుద్దిందే రుద్దడం. రుద్దితే పోయేది మురికి గాని రంగు కాదు. పసిబిడ్డ చర్మం కమిలి, పొక్కులు లేస్తే మళ్లీ మా దగ్గరికే తెచ్చేవాళ్లు.

మన భాషలో ఒక వింత ఉంది, గమనించండి. తెల్లగా ఉన్న పిల్లను మనం "ఎర్రగా బుర్రగా ఉంది" అంటాం. ఎరుపంటే మనకు ఆరోగ్యం, నిండుదనం. ఆ ఎరుపు నిజంగా ఉండవలసిన చోటు కనురెప్ప లోపల, నాలుక మీద. అక్కడ చూడడం మానేసి చెంపల మీద వెతుకుతున్నాం.

ఇంకో మాట కూడా ఉంది. "నల్లగా ఉన్నా కళగల పిల్ల" అని మెచ్చుకుంటాం. మెచ్చుకోలే, కాదనను. కాని ఆ "ఉన్నా" అన్న చిన్న మాట ఆ పిల్ల చెవిలో జీవితాంతం ఉంటుంది. తెల్లపిల్లను "తెల్లగా ఉన్నా తెలివిగలది" అని ఎవరూ అనరు. మన పురాణాల్లో ఈ "ఉన్నా" లేదు. ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె నలుపు వల్లనే వచ్చింది. ఆ నల్లని ఆమె కోసమే స్వయంవర సభలో రాజులంతా పోటీపడ్డారు. రాముడు నలుపు, కృష్ణుడు నలుపు. "నలుపు నారాయణుడు మెచ్చు" అని సామెత చెప్పుకుంటాం. నారాయణుడు మెచ్చిన రంగును పెళ్లికొడుకు తల్లి మెచ్చకపోవడమే మన విచిత్రం.

ఎండకు పోయేదెవరు?

మనది కరువు సీమ. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం మన దాకా వచ్చేసరికి నీరసిస్తుంది. ఈ పీఠభూమి మీద ఆకాశం నెలల తరబడి మబ్బు లేకుండా ఉంటుంది. ఆ ఆకాశం కిందనే చెనక్కాయ చేనులో కలుపు తీసేది, కాయ పెరికేది, కాయ ఒలిచేది మన ఆడవాళ్లు.

చర్మంలో మెలనిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని తయారుచేసే కణాలు తెల్లవాళ్లకూ, నల్లవాళ్లకూ దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయి. తయారయ్యే మెలనిన్ ఎంత, ఏ రకం అన్న దాంట్లోనే తేడా. ఆ మెలనిన్ ఎండలోని హాని చేసే కిరణాలను ఆపే గొడుగు. మన ఎండకు మన చర్మం వేసుకున్న గొడుగును పట్టుకుని వంక పెట్టడం ఎంత సబబో మీరే ఆలోచించండి.

పుట్టుకతో వచ్చే రంగు ఒకటి, ఎండకు వచ్చే రంగు ఒకటి. రెండో రంగు చేసిన పనికి గుర్తు. తెలుపే అందం అనడంలో, ఎండకు పోనక్కరలేని ఇంటి పిల్లే అందగత్తె అనే మాట కూడా దాగి ఉంది. అంటే రంగు పేరు చెప్పి మనం ఆస్తిని కొలుస్తున్నాం. చేనుకు పోయి కూలి తెచ్చి తమ్ముణ్ణి చదివించిన పిల్లకు, ఆ చేనే పెళ్లి దగ్గర అడ్డమవుతుంది. రంగు తగ్గిన కొద్దీ కట్నం పెరుగుతుంది. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఇన్నేళ్ల తర్వాత కూడా "అమ్మాయి కొంచెం రంగు తక్కువ కదా, మీరే ఆలోచించి చెప్పండి" అనే మాట పల్లెల్లో వినబడుతూనే ఉంది. వాన కురవని ఏడు ఆ "ఆలోచించి చెప్పడం" ఒక రైతు ఇంటిని ఎక్కడి దాకా తీసుకుపోతుందో ఈ జిల్లా వాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

మన నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్‌మోహన్ సింగ్‌గారు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశం మొత్తానికి అదే మొదటి ఊరు. ఆ పథకం మస్టరులో పేరుకు గడి ఉంది, పనిదినాలకు గడి ఉంది, కూలికి గడి ఉంది. ఆడకూ మగకూ ఒకే రేటు. రంగుకు మాత్రం గడి లేదు. గవర్నమెంటు కాగితాల్లో చాలా అక్కరలేని గడులు ఉంటాయని మనమంతా విసుక్కున్నవాళ్లమే. ఆ గవర్నమెంటుకు కూడా అక్కరలేదనిపించిన గడి మన పెళ్లి కాగితాల్లో మొదటి వరుసలో ఉంది.

సంతకు వచ్చిన తెలుపు

హిందుస్థాన్ లీవర్ కంపెనీ ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమును 1975లో తెచ్చింది. టి.వి. వచ్చాక దాని ప్రకటన చూడని ఇల్లు లేదు. నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు. క్రీము పూసుకుంటుంది, తెల్లబడుతుంది, అన్నీ వస్తాయి. చదువు, తెలివి, కష్టం ఎక్కడా కనబడవు. అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం ఫిర్యాదు చేస్తే, 2003లో కేంద్ర సమాచార ప్రసార శాఖ అటువంటి రెండు ప్రకటనలను ఆపించింది. చర్మం రంగును బట్టి మనిషిని తక్కువ చేసి చూపరాదని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నియమాలు పెట్టింది. నటి నందితా దాస్ 2013 నుంచి నలుపు అందమేనని చెప్పే ప్రచారంలో నిలబడ్డారు. మన తెలుగులో "కమ్లి" చిత్రంలో నటించింది ఈమే. చివరికి 2020లో ఆ కంపెనీ క్రీము పేరులోంచి "ఫెయిర్" అనే మాట తీసేసింది. పేరు మారింది, మంచిదే. కాని 45 ఏండ్లలో దేశం తలలోకి ఎక్కిన మాట డబ్బా మీద పేరు మార్చినంత సులభంగా దిగదు.

ఇంత చెప్పినా కంపెనీలను మాత్రమే తిట్టి ఊరుకోవడం న్యాయం కాదు. రంగు తక్కువ అనే బాధను వాళ్లు తయారుచేయలేదు. అది మన ఇళ్లలోనే తయారుగా ఉంది. వాళ్లు దానికి మందు అని చెప్పి అమ్ముకున్నారు.

దీనికంటే ప్రమాదమైనది ఇంకొకటి ఉంది, దయచేసి శ్రద్ధగా వినండి. గజ్జికి, తామరకు, దద్దుర్లకు వాడే కొన్ని పూత మందుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. బెటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ అని ట్యూబు మీద సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ముఖానికి పూస్తే పది పదిహేను రోజుల్లో రంగు తేలినట్టు కనబడుతుంది. ఒకమ్మాయి చెప్తే ఇంకో అమ్మాయి కొంటుంది. కొన్ని నెలలకు చర్మం కాగితంలా పలచబడుతుంది. మొటిమలు లేస్తాయి, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి, ఎండలోకి వెళ్తే మంట. మానేస్తే ముఖం ఎర్రగా ఉబ్బుతుంది, అందుకని మళ్లీ పూస్తారు. మన అనంతపురం ఎండకు పలచబడిన చర్మంతో బతకడం ఎంత నరకమో చూసినదాన్ని చెప్తున్నాను. చర్మవ్యాధుల వైద్యుల ఒత్తిడి వల్ల 2018లో కేంద్రం ఇటువంటి 14 స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. కాబట్టి మీ మనవరాలి బల్ల మీద ఏ ట్యూబు ఉందో ఒకసారి కళ్లజోడు పెట్టుకుని చదవండి. తిట్టవద్దు. తిడితే దాచిపెట్టి పూసుకుంటుంది. చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. నెలల తరబడి పూసినదాన్ని ఎట్లా మాన్పించాలో వాళ్లే చెప్పాలి.

ఛాయ తేలిందనుకున్నారు

ఇప్పుడు రక్తం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. మామూలు స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాములు ఉండాలి. మనం సంబంధాలు చూడబోయే ప్రతి రెండిళ్లలో ఒక ఇంటి పిల్లకు రక్తం తక్కువని అనుకోవచ్చు. మనం ఫొటో అడుగుతాం, జాతకం అడుగుతాం. ఈ లెక్క అడగం.

ఒక పల్లెలో డిగ్రీ చదువుతున్న అమ్మాయికి సంబంధం కుదిరింది. పేరూ ఊరూ చెప్పను. లగ్నానికి ముందు సన్నబడాలని ఆ పిల్ల రాత్రిపూట భోజనం మానేసింది, పగలు సగం రొట్టె తినేది. రెండు నెలలకు ఇంట్లో అందరికీ సంతోషం - పిల్లకు ఛాయ తేలిందని. అవ్వ దిష్టి కూడా తీసింది. టీకాల పని మీద ఆ వీధికి పోయినప్పుడు ఆ పిల్ల రెండు మెట్లెక్కి ఆయాసపడడం చూసి కనురెప్ప లాగి చూశాను. లోపల సున్నం పూసినట్టుంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 గ్రాములకు లోపల. వాళ్లు ఛాయ అనుకున్నది ఒంట్లో రక్తం లేకపోవడం. అట్లాగే పెళ్లయి, వెంటనే కడుపుతో ఉంటే, కాన్పు బల్ల మీద ఆ పిల్ల ప్రాణానికి ఎవరు పూచీ?

పెళ్లి ఆరు నెలలు వాయిదా వేయమని చెప్పాను. పెద్ద రభస అయ్యింది. పిల్లకేదో జబ్బుందని మగపెళ్లివారు సంబంధం వదులుకున్నారు. ఆ ఇంట్లో నన్ను చూసి ముఖం తిప్పుకున్న రోజులున్నాయి. మందులు, రాగిముద్ద, ఆకుకూర, బెల్లంతో చెనక్కాయ ఉండలు, రెండు పూటలా కడుపునిండా భోజనం. ఆరు నెలలకు 11 దాటింది. పిల్ల తన మామూలు చామనఛాయకు వచ్చింది. అప్పుడు అవ్వ అన్న మాట: "మళ్లా నల్లబడె కదమ్మా!" ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ అవ్వకు కూడా ఒకప్పుడు ఎవరో ఇదే కొలబద్ద పెట్టి ఉంటారు. ఆ పిల్ల డిగ్రీ పూర్తిచేసింది, తర్వాత వేరే సంబంధం కుదిరింది, రెండు కాన్పులూ క్షేమంగా జరిగాయి.

ఈ రోజుల్లో ఫోనుల్లో ఇంకో మాయ వచ్చింది. ఫొటో తీస్తూనే అదే ముఖాన్ని తెల్లగా, కళ్లు పెద్దవిగా, గడ్డం సన్నగా మార్చేస్తుంది. పిల్లలు అద్దంలో తమ ముఖాన్ని ఫోనులోని తమ ముఖంతోనే పోల్చుకుని దిగులుపడుతున్నారు. పూర్వం పక్కింటి పిల్లతో పోల్చేవాళ్లు, ఇప్పుడు లేని మనిషితో పోలిక. ప్రకటనల్లో ఒళ్లు సన్నగా మార్చిన ఫొటోల కింద ఆ సంగతి రాయాలని ఫ్రాన్సు 2017 నుంచి నిబంధన పెట్టింది, నార్వే 2021లో చట్టం చేసింది. మన దగ్గర చట్టం వచ్చేలోపు, సంబంధాల ఫొటోల విషయంలో మనమైనా జాగ్రత్తపడవచ్చు.

రెండు పట్నాల నడుమ మనం

మన ఊరు బెంగుళూరు - హైదరాబాదు రోడ్డు మీద ఉంది. 1996 నవంబరు 23న బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీ జరిగింది. పెద్ద ఎత్తున ఆందోళనలు జరిగాయి, ఈత దుస్తుల పోటీని దేశం దాటించి సెషెల్స్ దీవుల్లో పెట్టుకున్నారు. మళ్లీ 2025 మే నెలలో హైదరాబాదులో అదే పోటీ జరిగి, 31న థాయిలాండ్ అమ్మాయి గెలిచింది. అప్పుడూ ఇప్పుడూ వాదనలు రెండే. ఒకరు మన సంస్కృతి చెడిపోతుందన్నారు, ఇంకొకరు పేరు వస్తుంది, టూరిస్టులు వస్తారన్నారు. నా మనవి వేరు. పెళ్లిచూపుల చాప మీద పిల్లను నడిపించి చూసి, పాట పాడించి, జడ సవరమా కాదా అని పట్టి చూసిన ఇళ్లలో కూర్చుని, వేదిక మీద అమ్మాయిలను నడిపిస్తున్నారని కోప్పడడం అంతగా అతకదు. అక్కడ న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు, ఇక్కడ అత్తగారు వేస్తారు. అక్కడ పోటీకి తనంతట తాను వెళ్తుంది, ఇక్కడ ప్రతి పిల్లా వెళ్లవలసిందే.

నన్ను అపార్థం చేసుకోవద్దు. అలంకరణ తప్పని నేను అనడం లేదు. పట్టుచీరల ధర్మవరం మన పక్కనే ఉంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద పదహారవ శతాబ్దంలో వేసిన స్త్రీల బొమ్మలు తలెత్తి చూడండి. ఎర్రమట్టి రంగు, గోధుమ రంగు ఒళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో అంచు చీర, ఒక్కో కొప్పు. ఇష్టపడి ముస్తాబు కావడం సంతోషం. పరీక్షకు నిలబెడతారని భయపడి ముస్తాబు కావడం శిక్ష. తేడా అంతే.

ఉద్యోగం పురుష లక్షణం

ఆడదానికి అందం, మగవాడికి ఉద్యోగం - ఇవి రెండూ ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ. "ఉద్యోగం పురుష లక్షణం" అని మనవాళ్లు అంటారు. ఉద్యోగం రాని కుర్రవాడు కూడా ఈ మాట కింద నలిగిపోతున్నాడు. ఇక ఆడవాళ్ల సంగతా, ఈ సభలో కూర్చున్న టీచరమ్మలు, నర్సమ్మలు, గుమాస్తాలు, ఆయమ్మలు ప్రతి నెలా ఒకటో తారీఖున పెన్షను తీసుకుంటూ ఆ సామెతను రద్దు చేస్తూనే ఉన్నారు.

సర్వీసు రూల్సులో కూడా ఈ భావాలు ఉండేవి. విమానాల్లో పనిచేసే అమ్మాయిలను మొదటి గర్భం రాగానే ఇంటికి పంపించే రూలు ఎయిర్ ఇండియాలో ఉండేది. నర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2023 ఆగస్టులో అదే సుప్రీంకోర్టు ఒక చేతిపుస్తకం వెలువరించింది. ఆడవాళ్లు ఇట్లాగే ఉంటారు, ఇట్లాగే ఉండాలి అనే ముద్రలు వేసే మాటలను తీర్పుల్లో, పిటిషన్లలో వాడవద్దని అందులో చెప్పింది. జడ్జీలకే మాటలు మార్చుకొమ్మని చెప్పినప్పుడు మనం మార్చుకుంటే తప్పేముంది?

ఉపాధి పథకం మొదలైన బండ్లపల్లి నుంచే బారెడ్డి అనూష అనే అమ్మాయి వచ్చింది. వ్యవసాయ కుటుంబం. 2023 జూలై 9న మీర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద భారత జట్టు తరఫున ఎడమచేతి స్పిన్ వేసింది. ఆ ఏడే హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉంది. తెలంగాణలో వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తిని చిన్నప్పుడు రూపం చూసి ఊళ్లో ఎగతాళి చేసేవారని ఆమె తల్లిదండ్రులే చెప్పారు. ఆ అమ్మాయి 2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. చప్పట్లు కొట్టాం, కొట్టవలసిందే. కాని ఒక్కమాట. ఎగతాళి తప్పించుకోవడానికి ప్రతి ఆడపిల్లా పతకం తేవాలా? ఏ పతకమూ తేని, మామూలుగా చదువుకుని, మామూలుగా బతికే నల్లపిల్లకు కూడా అదే మర్యాద దక్కాలి. అసలు పరీక్ష అక్కడ ఉంది.

మనం చేయగలిగినది

"అమ్మా, మీరు చెప్పింది బాగానే ఉంది. లోకం అట్లా ఉంటే మేమేం చేస్తాం? మా పిల్లకు పెళ్లి కావద్దా?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆడపిల్ల తండ్రి ఒక్కడే ఈ లెక్క మార్చలేడు. మగపిల్లవాడి వైపు వాళ్లు మార్చగలరు. ఈ హాలులో మనవలున్న వాళ్లు సగం మందికి పైగానే ఉంటారు. కాబట్టి నేను ఆడపిల్లల పెద్దలకు కాక, మగపిల్లల పెద్దలకే మనవి చేస్తున్నాను. సంబంధం చూడబోతే చదువు అడగండి, గుణం అడగండి, ఆ పిల్లకు ఏది ఇష్టమో అడగండి. ఛాయ అడగవద్దు. మీ అబ్బాయి ఛాయ ఎవరూ అడగలేదు కదా! ఇక పెళ్లి కుదిరాక ఇద్దరికీ రక్తపరీక్ష చేయించండి. తక్కువ వస్తే సంబంధం వదులుకోవడానికి కాదు, పెళ్లికి ముందే తిండితో, మందుతో సరిచేయడానికి.

రెండోది, మన సంఘానికే ఒక ప్రతిపాదన. మన పత్రికలో సభ్యుల పిల్లలకు "వివాహ సమాచారం" శీర్షిక ఉంది. దాని ఫారంలో వధువు వివరాల కింద "ఛాయ" అని ఒక గడి ఉంది. వరుడి వివరాల్లో ఆ గడి లేదు. "తెల్లని, సన్నని, అందమైన వధువు కావలెను" అనే ప్రకటనలు కూడా వస్తున్నాయి. ఆ గడిని తీసివేయాలని, అటువంటి మాటలున్న ప్రకటనలను సరిదిద్ది వేయాలని మహిళా సభ్యుల తరఫున కోరుతున్నాను. గడి తీసేస్తే ప్రకటనలు తగ్గుతాయని కార్యవర్గంలో కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. వారి మీద నాకు గౌరవం ఉంది. వారికి ఈరోజు తారీఖునే గుర్తు చేస్తాను.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? 1979 మార్చి 31 అనే తారీఖు దగ్గర గీత గీసి, దానికి ముందు రిటైరైన వాళ్లకు ఒక లెక్క, తర్వాత రిటైరైన వాళ్లకు ఇంకో లెక్క అన్నారు. ఒకే తరగతి మనుషులను అర్థం లేని గీతతో రెండుగా చీల్చడం సమానత్వానికి విరుద్ధమని కోర్టు చెప్పింది. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు వచ్చే హక్కు అని చెప్పింది. ఆ తీర్పును మనం ఏటా పండగలా చేసుకుంటున్నాం. మరి మన ఇళ్లలోని ఆడపిల్లలను ఛాయ అనే గీతతో రెండుగా చీల్చే అధికారం మనకెవరిచ్చారు? ఆ పిల్లకు దక్కవలసిన మర్యాద కూడా ఎవరి దయా కాదు, ఆమె హక్కు. మనకు గీత గీసినప్పుడు కోర్టుకు పోయినవాళ్లం, మనం గీసిన గీతను మనమే చెరిపేస్తే ఖర్చు కూడా లేదు.

ఈ ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం ముందు పెట్టవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను.